బ్రాంప్టన్‌లో ఉన్నది వైవిధ్యమేనా?

నెల్లూరు నాని: టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఇల్లు చూస్తున్నాం. "అక్కడ కొంటే కెనడా వచ్చినట్టే ఉండదు, సగం మంది మనవాళ్లే" అని ఆఫీసులో ఒకాయన తీసిపారేశారు. 2021 జనగణనలో ఊరి జనాభా 6,56,480, అందులో దక్షిణాసియా వాళ్లే 52 శాతం. దీన్ని వైవిధ్యం అనొచ్చా?

కాకినాడ కాజా: నన్నడిగితే అనకూడదు. మా అమ్మ ఐదు నెలలుండి వెళ్లింది. కూరగాయల కొట్లో, గుళ్లో, బస్సులో ఎక్కడా ఇంగ్లీషు ముక్క అవసరం పడలేదు. వచ్చీరాని హిందీతో లాగించేసింది.

బ్రామలీ బాబాయి: "మనవాళ్లు" అంటే ఎవరండీ? పంజాబీలు, గుజరాతీలు, పాకిస్తానీలు, శ్రీలంక తమిళులు, తెలుగువాళ్లు, అందరినీ జనగణనలో "దక్షిణాసియా" అనే ఆ ఒక్క గడిలోనే వేశారు. మా ఎదురింటావిడది దక్షిణ అమెరికాలోని గయానా. తాతముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్లినవాళ్లు. పెరట్లో వెదురు కర్రకి ఎర్ర జెండా కట్టి పూజ చేస్తారు గానీ హిందీ ఒక్క ముక్క రాదు. మొదటిసారి పప్పు పూరీ పంపిస్తే మా ఆవిడ బొబ్బట్టు అనుకుని నెయ్యి వేసుకుంది. కొరికితే జీలకర్ర, మిరపకాయ! వీళ్లు కాక ఊళ్లో నల్లజాతివాళ్లు 13 శాతం. ఇంకో మాట. 1960లలో ఇప్పుడు బ్రాంప్టన్‌లో భాగమైన మా బ్రామలీ కడుతున్నప్పుడు ఇక్కడ దాదాపు అందరూ తెల్లవాళ్లే. అప్పుడు వైవిధ్యం ఏదని ఎవరైనా అడిగారా?

కాకినాడ కాజా: బాగానే చెప్పారు. మరి 2016 నుంచి ఐదేళ్లలో 62 వేల మంది పెరిగారే, వసతులేవి? ఆసుపత్రులు చాలక 2020 జనవరిలో నగర కౌన్సిలే ఆరోగ్య ఎమర్జెన్సీ ప్రకటించింది. మా వీధిలో ఒక్కో ఇంటి ముందు నాలుగు కార్లు, కింద బేస్‌మెంట్‌లో అద్దెకి ఇంకో సంసారం.

బ్రామలీ బాబాయి: ఆసుపత్రిలో పడకలు చాలకపోతే ప్రభుత్వాన్ని అడగాలి. అద్దెలు మండిపోతుంటే బేస్‌మెంట్‌లో కాక ఎక్కడుంటారు? దానికీ, పక్కవాడు ఏ భాష మాట్లాడతాడన్నదానికీ ముడిపెట్టకండి.

నెల్లూరు నాని: కాజాగారూ, ఇంత విసుగుంటే ఇల్లు అమ్మేసి వేరే ఊరు వెళ్లొచ్చుగా?

కాకినాడ కాజా: వేసవికి అమ్మ మళ్లీ వస్తోంది. ఇల్లు మారితే రానంది.