నైట్ల షివల్రీ నిజంగా ఉండేదా, తర్వాతివాళ్ళు అల్లిన కథా?

సందేహాలరావు:
మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి "నైట్ల పది ఆజ్ఞలు" అని చార్టు రాసింది. నైట్లంటే మధ్యయుగ యూరప్‌లో గుర్రమెక్కి పోరాడిన వీరులు, వాళ్ళు పాటించాలనే మర్యాద నియమాలే షివల్రీ. బలహీనులను కాపాడాలి, శత్రువుకు వెన్ను చూపకూడదు, మాట తప్పకూడదు, ఇలా. ఎక్కడివని వెతికితే, ఆ పదీ కూర్చినవాడు 19వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు లియోన్ గోతియే అని తేలింది. నైట్ల కాలం పోయిన మూడు వందల ఏళ్ళకి! మరి అసలు మధ్యయుగంలో నియమాలంటూ ఏవైనా ఉండేవా? చార్టు చింపమనాలా, ఉంచమనాలా?

గుర్రపుడెక్క:
చింపేయండి. ఫ్రెంచిలో "షెవాల్" అంటే గుర్రం. షివల్రీ అంటే మొదట్లో గుర్రమెక్కి యుద్ధం చేసేవాళ్ళ గుంపు, అంతే. ధర్మం, దయ తర్వాత పూసిన రంగు. 1191లో ఏకర్ (నేటి ఇజ్రాయెల్ తీరంలోని పట్టణం) దగ్గర ఇంగ్లండ్ రాజు రిచర్డ్ దాదాపు 2,700 మంది ముస్లిం ఖైదీలను నరికించాడు. 1415లో ఫ్రాన్సులోని అజిన్‌కోర్ట్ దగ్గర ఇంగ్లండ్ రాజు ఐదవ హెన్రీ లొంగిపోయిన ఫ్రెంచివాళ్ళను చంపమన్నాడు. వీళ్ళిద్దరూ ఆ కాలానికి ఆదర్శ వీరులు!

కోటగోడ:
డెక్క గారూ, అజిన్‌కోర్ట్ కథ సగంలో ఆపేశారు. చంపమని హెన్రీ అన్నప్పుడు ఖైదీలను పట్టుకున్నవాళ్ళు వెనకాడారు. చివరికి ఆ పనికి విలుకాళ్ళను పెట్టాల్సి వచ్చిందని ఆనాటి వృత్తాంతాలు చెబుతాయి. నియమమే లేకపోతే వెనకాడటం ఎందుకు?

గుర్రపుడెక్క:
ఎందుకంటే ఒక్కో ఖైదీ ఒక్కో డబ్బు మూట! బతికుంటేనే విడుదల సొమ్ము వస్తుంది. దయ కాదండీ, నష్టం వస్తుందన్న బాధ.

పాతపద్దు:
ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ డబ్బు లెక్కే నాకు అన్నిటికన్నా ఆసక్తి. 12వ శతాబ్దపు ఇంగ్లండ్ నైట్ విలియం మార్షల్ సంగతి తీసుకోండి. చిన్న ప్రభువు ఇంట్లో పుట్టిన చిన్నకొడుకు, ఆస్తి లేదు. టోర్నమెంటుల్లో (నైట్ల ఉత్తుత్తి యుద్ధ పోటీల్లో) ఎదుటివాళ్ళను పట్టుకుని, గుర్రం, కవచం, సొమ్ము గుంజి పైకొచ్చాడు. రోజర్ ద గోజీ అనే ఇంకో నైట్‌తో వాటా కలిపి పది నెలల్లో 103 మందిని పట్టాడు. ఈ సంఖ్య ఎలా తెలుసంటే, వంటింటి లెక్కలు రాసే గుమస్తా దాన్నీ పద్దు రాసుకున్నాడు! ఇవాళ్టి క్రికెట్ స్కోర్‌బోర్డు లాగా.

అదే మనిషి 1189లో, ముసలి రాజు రెండవ హెన్రీ తన కొడుకు రిచర్డ్‌కు (ఆ ఏకర్ రిచర్డే) దొరక్కుండా పారిపోతుంటే, వెంటపడి వస్తున్న రిచర్డ్‌కు అడ్డం తిరిగాడు. చంపే అవకాశం ఉన్నా చంపలేదు, గుర్రాన్ని మాత్రం పొడిచాడు. రాజయ్యాక రిచర్డ్ పగ పట్టలేదు సరికదా, పెంబ్రోక్ అనే పెద్ద ఆస్తి వారసురాలినిచ్చి పెళ్ళి చేశాడు. డబ్బూ, పరువూ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. విడదీసి చూడాలనుకుంటే మనకే తలనొప్పి. (ఇవన్నీ మార్షల్ కుటుంబం రాయించిన జీవితకథలోంచి వచ్చినవి కాబట్టి, పొగడ్త పాలు కొంచెం తీసేసి చదవండి.)

కోటగోడ:
నేనూ అదే అంటున్నా. ఫ్రెంచి రాజు రెండవ జాన్‌ను చూడండి. 1356లో పోయిటియర్స్ దగ్గర ఇంగ్లండ్ యువరాజు బ్లాక్ ప్రిన్స్ చేతికి చిక్కాడు. ఆ రాత్రి ప్రిన్స్ స్వయంగా నిలబడి అతనికి భోజనం వడ్డించాడని ఆ శతాబ్దపు చరిత్ర రచయిత ఫ్రూసార్ రాశాడు. 1360లో 30 లక్షల బంగారు నాణేలకు విడుదల ఒప్పందం కుదిరింది. జాన్ ఇంటికెళ్ళాడు, హామీగా ఇచ్చినవాళ్ళలో ఉన్న కొడుకు పారిపోయాడు. దానికి సిగ్గుపడి జాన్ 1364లో తనంతట తానే లండన్ చెరకు తిరిగి వెళ్ళి అక్కడే చనిపోయాడు. ఇందులో లాభమేముంది చెప్పండి?

గుర్రపుడెక్క:
సొమ్ము తగ్గించుకోవడానికి బేరమాడటానికే వెళ్ళాడనే చరిత్రకారులూ ఉన్నారు. పైగా వడ్డించిన అదే బ్లాక్ ప్రిన్స్, అంతకు ముందు ఏడాది దక్షిణ ఫ్రాన్సులో ఊళ్ళకు ఊళ్ళు తగలబెడుతూ పోయాడు. 1370లో లిమోజ్ నగరాన్ని దోచాడు. ఫ్రూసార్ 3,000 మంది చనిపోయారన్నాడు, ఇప్పటివాళ్ళు 300 దరిదాపుల్లో అంటున్నారు. ఎంతయినా, రాజుకి పళ్ళెం, రైతుకి మంట.

సందేహాలరావు:
అంటే నియమాలు ఉన్నాయి, కానీ ఎవరికి అన్నదే తేడా?

పాతపద్దు:
సరిగ్గా పట్టారు. 1358లో ఫ్రాన్సులో రైతులు తిరగబడ్డారు. మో పట్టణంలో యువరాజు భార్య, ఇంకా ఎందరో ప్రభువుల ఇళ్ళ ఆడవాళ్ళు చిక్కుకుపోయారు. అప్పుడు ఇద్దరు వచ్చి కాపాడారు: ఫ్వా ప్రాంతపు ప్రభువు గాస్తాన్ ఫేబస్, ఇంగ్లండ్ తరఫున పోరాడే కాప్తాల్ ద బూష్ అనే ప్రభువు. ఈ రెండోవాడు రెండేళ్ళ క్రితమే పోయిటియర్స్‌లో ఫ్రెంచివాళ్ళను నరికినవాడు! అయినా ఫ్రెంచి రాజకుటుంబం ఆడవాళ్ళను కాపాడాలని పరిగెత్తుకొచ్చాడు. నియమం అంత బలమైనది. ఆ తర్వాత ఏం చేశారు? రైతులను వెంటాడి చంపారు, ఊరు తగలబెట్టారు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు లేరా?

కోటగోడ:
దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ చర్చి వైపు నుంచి ఒక మాట. 989లో ఫ్రాన్సులోని షారూలో జరిగిన చర్చి సభలో రైతుల పశువులు దోచేవాళ్ళను శపించారు. అంటే సామాన్యుడికి రక్షణ ఉండాలన్న ఆలోచన షివల్రీ కన్నా ముందు నుంచే ఉంది. పాటించలేదంటే ఒప్పుకుంటా, ఆ ఆలోచనే లేదంటే ఒప్పుకోను.

గుర్రపుడెక్క:
పశువులు దోచేవాళ్ళు ఎవరు? నైట్లే కదా! శాపం పెట్టాల్సి వచ్చిందంటేనే అర్థం కావట్లేదా :)

కోటగోడ:
మన ఊళ్ళో హెల్మెట్ రూల్ కూడా అందుకే వచ్చింది. అందరూ పెట్టుకుంటున్నారా? అలాగని రూల్ లేదంటామా?

సందేహాలరావు:
ముగ్గురికీ థాంక్స్. చార్టు చింపట్లేదు. శీర్షిక కింద "19వ శతాబ్దం" అని రాయించా, పక్కన మో పట్టణం కథ అతికించమన్నా. "నాన్నా, మరి వాళ్ళు మంచోళ్ళా చెడ్డోళ్ళా?" అంటోంది. పాతపద్దు గారూ, మీరే ఏదో ఒకటి చెప్పండి, సోమవారం సబ్మిట్ చేయాలి.