సొరియాసిస్: ప్రత్యామ్నాయ వైద్యానికి మారాలంటే వాడుతున్న మందులన్నీ ఒక్కసారిగా ఆపేయాలా?

ప్రశ్న

నాకు సొరియాసిస్ మొదలై చాలా ఏళ్లయింది. మొదట మోచేతుల మీదా మోకాళ్ల మీదా కనిపించి, తరవాత నడుము కిందికీ తలలోకీ పాకింది. తలలో వచ్చినదాన్ని చాలాకాలం చుండ్రుగానే భావించాను. చెవుల వెనక చర్మం ఎర్రబడి, వెండి రంగు పొలుసులు అట్టలు కట్టిన తరవాత గాని అది కూడా ఈ జబ్బేనని తేలలేదు. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసినన్నాళ్లూ మచ్చలు పలచబడతాయి, ఆపిన కొన్ని వారాలకే తిరగబెడతాయి. భుజాల మీద రాలే పొట్టు కనిపించకూడదని లేత రంగు దుస్తులే ఎంచుకోవడం, కుర్చీలోంచి లేస్తూ ఎవరూ చూడకుండా దాన్ని చేత్తో దులపడం, ఎదుటివారి చూపు నా మోచేతి మీద ఆగిందా అని గమనించడం నాకు నిత్యకృత్యాలయ్యాయి. ఇది అంటువ్యాధి కాదని ఎంతమందికని చెప్పుకోగలం?

మచ్చలు బాగా విస్తరించాయి కనుక మెథోట్రెక్సేట్ మాత్రలు మొదలుపెడదామని మా చర్మవైద్యులు సూచించారు. అది కాన్సర్‌కు వాడే మందని చదివిన దగ్గర్నుంచి నాకు ధైర్యం చాలడం లేదు. ఇంతలో తెలిసినవారి ద్వారా మూలికా వైద్యం చేసే ఒకరిని కలిశాను. ఆయన ఒక చూర్ణం, ఒక తైలం ఇచ్చి, నేను వాడుతున్న ఆయింట్‌మెంట్లన్నీ ఆ రోజే మానేయాలని షరతు పెట్టారు. మొదట్లో మచ్చలు పెరుగుతాయనీ, లోపలి రోగం బయటికి వస్తోందనడానికి అదే గుర్తనీ, భయపడి మధ్యలో మానేస్తే మందు పనిచేయదనీ చెప్పారు. సీసా మీద గాని పొట్లం మీద గాని అందులో ఏమున్నదీ రాసి లేదు.

రోగం పెరగడం నయమవుతోందనడానికి సూచన అన్న మాటలో నిజమెంత? మూలికలతోనో, మరో పద్ధతితోనో నిజంగా ఉపశమనం పొందినవారు మీలో ఎవరైనా ఉన్నారా? మందు ఇంకా మొదలుపెట్టలేదు.

మొదటి సమాధానం

నేనూ ఈ జబ్బుతో చాలాకాలంగా బతుకుతున్నవాణ్ణే కనుక మీ కుర్చీ సంగతి చదవగానే అర్థమైంది. ప్రత్యామ్నాయ వైద్యాలను తేలిక చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు; వాటిలో కొన్నింటిని నేను స్వయంగా వాడాను. అయితే "ఫలానా మందుతో పూర్తిగా పోయింది" అని ఎవరు చెప్పినా, నమ్మేముందు ఈ జబ్బు స్వభావాన్ని గుర్తు తెచ్చుకోవాలి. సొరియాసిస్ దానంతటదే పెరుగుతుంది, దానంతటదే తగ్గుతుంది, కొందరిలో నెలల తరబడి ఆనవాలు లేకుండా అణిగి ఉంటుంది. మనం కొత్త వైద్యుణ్ణి వెతుక్కుంటూ వెళ్లేది అది ఉద్ధృతంగా ఉన్నప్పుడే. ఆ తరవాత అది ఎలాగూ తగ్గుముఖం పట్టాల్సి ఉంటే, ఆ పేరు అప్పుడు చేతిలో ఉన్న సీసాకు దక్కుతుంది. చెప్పినవారు అబద్ధమాడుతున్నారని కాదు, వారు చూసింది అదే మరి.

అందుకే నేను ఒక పని అలవాటు చేసుకున్నాను. కొత్తది ఏది మొదలుపెట్టినా, అదే మోచేతిని, అదే కిటికీ పక్కన, అదే దూరం నుంచి ఫోటో తీసి పెట్టుకుంటాను. ఒకేసారి రెండు కొత్త మందులు మొదలుపెట్టను. జ్ఞాపకం మన ఆశకు తగ్గట్టు మారుతుంది కానీ ఫోటో మారదు. నేను ఎంతో గొప్పగా చెప్పుకున్న ఒక లేపనం, ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, పొలుసును మెత్తబరిచిందే తప్ప దాని కింది ఎరుపునూ మందాన్నీ ఏమాత్రం తగ్గించలేదు. మెత్తబరచడం కూడా చిన్న ఉపకారమేమీ కాదు. అయితే ఆ పని వాజలీన్ కూడా చేస్తుంది.

నాకు నిస్సందేహంగా మేలు చేసినవి చాలా సాదా సంగతులు. స్నానం గోరువెచ్చటి నీటితో ముగించి, ఒళ్లు పూర్తిగా ఆరకముందే ఏదైనా వాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్ రాసుకోవడం వాటిలో మొదటిది. పొలుసులను గోటితో లేవదీయకుండా ఉండడం రెండోది, అన్నింటికన్నా కష్టమైనది కూడా అదే. దెబ్బ తగిలిన చోట, గీరుకున్న చోట కొత్త మచ్చ పుట్టడం ఈ జబ్బు లక్షణం. దీన్ని హైన్రిష్ కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు 19వ శతాబ్దంలోనే వివరించాడు. నా తలలో దువ్వెన పళ్లు గట్టిగా దిగిన గీత వెంబడే వరసగా ఎర్రటి మచ్చలు లేవడం చూసిన తరవాత నాకు వేరే రుజువు అవసరం లేకపోయింది.

ఇంకొక మాట. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ చేసిన తీర్మానం సొరియాసిస్‌ను అంటువ్యాధి కానిదిగా, శాశ్వత నివారణ లేని దీర్ఘవ్యాధిగా పేర్కొంది. ఆ రెండో భాగం చదవడానికి కష్టంగా ఉన్నా, "సమూలంగా పోగొడతాం" అన్న ప్రకటన ఏది కనబడినా దాన్ని పక్కన పెట్టడానికి నాకు అదే ఆధారమైంది.

రెండో సమాధానం

నేను చర్మవైద్యురాలిని. మిమ్మల్ని చూడకుండా చికిత్స చెప్పడం సరికాదు కనుక, మీరు అడిగిన రెండు విషయాలకే పరిమితమవుతాను.

రోగం పెరగడం మంచిదేనన్న మాట వాస్తవం కాదు, పైగా ప్రమాదకరమైనది. గాఢమైన స్టెరాయిడ్లను, ముఖ్యంగా మాత్రల రూపంలోనో ఇంజెక్షన్ రూపంలోనో తీసుకుంటున్నవాటిని, చాలా ఎక్కువ మేర పూస్తున్నవాటిని కూడా, ఒక్కసారిగా ఆపితే మామూలు మచ్చల సొరియాసిస్ కాస్తా ఒళ్లంతా చీము పొక్కులు లేచే రకంగానో, చర్మమంతా నిప్పులా ఎర్రబడి రేకులు రేకులుగా ఊడిపోయే రకంగానో మారవచ్చు. ఆ స్థితిలో శరీరం తన వేడినీ నీటినీ నిలుపుకోలేదు; చలిజ్వరం, నీరసం వస్తాయి, ఆసుపత్రిలో చేరవలసి వస్తుంది. అటువంటి రోగికి "రోగం బయటికి వస్తోంది, ఓర్చుకోండి" అని చెబితే ఏం జరుగుతుందో ఊహించండి. ఏ ఆయింట్‌మెంట్‌నైనా క్రమంగా తగ్గిస్తూ, రాసే రోజుల మధ్య ఎడం పెంచుతూ ఆపవచ్చు. అది ఎలాగో మీ వైద్యులే చెబుతారు.

పేరు రాసి లేని తైలం విషయంలో నా అనుమానం మరొకటి. మూలికల లేపనాలుగా అమ్మిన కొన్నింటిని పరీక్షించినప్పుడు వాటిలో క్లోబెటసాల్ వంటి అతి గాఢమైన స్టెరాయిడ్ బయటపడిన సందర్భాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. కొద్ది రోజుల్లోనే అద్భుతంగా పనిచేసి, మానగానే రెట్టింపుగా తిరగబెట్టే "మూలికా" లేపనాన్ని అనుమానించడానికి ఆ తీరే చాలు. లోపలికి తీసుకునే చూర్ణాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. ఆర్సెనిక్‌కు సొరియాసిస్‌తో పాత చుట్టరికమే ఉంది. 1786లో థామస్ ఫౌలర్ అనే ఆంగ్ల వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన ఆర్సెనిక్ ద్రావణాన్ని తరవాతి శతాబ్దమంతా సొరియాసిస్‌కు తాగించారు. మచ్చలు తగ్గేవి కూడా. అయితే దాన్ని ఏళ్లపాటు తాగినవారికి అరచేతుల్లో, అరికాళ్లలో ఆనెల వంటి గట్టి బొడిపెలు, కొందరిలో చర్మ కాన్సర్ రావడాన్ని ఆ శతాబ్దం చివర్లో వైద్యులే గుర్తించారు. ఆధునిక వైద్యం చేసిన తప్పునే ఉదాహరణగా చూపిస్తున్నాను: మచ్చ తగ్గిందా అన్న ఒక్క ప్రశ్న ఏ వైద్యానికీ సరిపోదు.

మెథోట్రెక్సేట్ కాన్సర్‌కు వాడే మాట నిజమే. సొరియాసిస్‌కు ఇచ్చే మోతాదు మాత్రం దానితో పోలిస్తే చాలా స్వల్పం. సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. వారానికి ఒకసారి మాత్రమే అన్నది దీనిలో ప్రాణం. పొరపాటున రోజూ వేసుకున్నవారు చనిపోయిన సంఘటనలున్నాయి కనుక వారంలో ఏ రోజో చీటీ మీద రాయించుకోండి. రక్తకణాలకూ కాలేయానికీ క్రమం తప్పకుండా పరీక్షలు అవసరం, మద్యం మానుకోవాలి, గర్భం ధరించే ఆలోచన ఉన్నవారు ముందే చెప్పాలి. ఇన్ని జాగ్రత్తలు విని భయపడేకంటే, ఈ మందు ఎక్కడ హాని చేస్తుందో మనకు తెలుసు కాబట్టే అక్కడ కాపలా పెట్టగలుగుతున్నామని గ్రహించండి. మీ చూర్ణానికి ఏ అవయవం దగ్గర కాపలా పెట్టాలో ఎవరు చెప్పగలరు?

మాత్రలు వద్దనుకుంటే నడిమి దారి లేకపోలేదు. 311 నానోమీటర్ల దగ్గర పనిచేసే నారోబ్యాండ్ యువిబి అనే అతినీలలోహిత కాంతి చికిత్సకు వారానికి రెండు మూడు సార్లు చొప్పున కొన్ని నెలలు వెళ్లగలిగితే చాలామందిలో మచ్చలు బాగా తగ్గుతాయి. కాంతి చికిత్స తీసుకుంటున్నవారిలో ధ్యానం టేపు వింటూ కాంతిలో నిలబడినవారికి మచ్చలు త్వరగా తగ్గాయని 1998లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. పాల్గొన్నవారు 37 మందే కనుక దాని మీద ఎక్కువ భారం మోపలేం కానీ, ధ్యానం మీకు ఇష్టమైతే నేను కాదనను. కలబంద లేపనం విషయంలో ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి, మహోనియా మొక్క బెరడు లేపనానికి కొంత ఆధారం ఉంది, చేపనూనె ఒక్కదానితో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. బరువు ఎక్కువగా ఉన్నవారు తగ్గితే మాత్రం మచ్చలూ తగ్గుతాయి, మందులూ బాగా పనిచేస్తాయి.

మూడో సమాధానం

నేను ఆయుర్వేదం చదువుకుని వైద్యం చేస్తున్నవాణ్ణి. పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. ఏమున్నదో రాయని పొట్లాన్నీ ఆయుర్వేదాన్నీ ఒకే గాటన కట్టవద్దు. బావంచాల సంగతే చూడండి. చర్మవ్యాధులకు మా వైద్యంలో తరతరాలుగా వాడుతున్న ఆ గింజల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంది. 1974లో ఆధునిక వైద్యం సొరియాసిస్‌కు ప్రవేశపెట్టిన పువా చికిత్సలో కాంతికి ముందు ఇచ్చేది ఈ సొరాలెన్ల కుటుంబానికి చెందిన మందే. అయితే ఆ గింజలను తెలిసీ తెలియక రాసుకుని ఎండలో తిరిగితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, లోపలికి తీసుకున్నవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. గుణమున్న మందుకు దోషమూ ఉంటుంది. కనుక నా దగ్గరికి వచ్చేవారికి కూడా కాలేయ పరీక్షలు చేయిస్తాను, వాడుతున్న ఇంగ్లీషు మందులను నా అంతట నేను ఆపించను.

మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు ఎవరి మాట వినో వమన విరేచనాలకు సిద్ధపడకూడదు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాల ద్వారా ఆ మందు బయటికి పోవడం మందగించి విషమిస్తుంది. ఈ ముక్క రెండు వైపులా వైద్యులకు తెలియాలంటే రోగి రెండు చోట్లా నిజం చెప్పాలి. చెప్పనివ్వని వాతావరణం కల్పిస్తున్నది ఎవరో చర్మవైద్యులు కూడా ఒకసారి ఆలోచించాలి. చూర్ణం పేరెత్తగానే విసుక్కుంటే రోగి దాన్ని మానడు, దాస్తాడు.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. కాంతి చికిత్స వైపు మనసు మొగ్గుతోంది, చూర్ణం మొదలుపెట్టలేదు. మరో చిన్న సందేహం. కొన్నాళ్లుగా నిద్ర లేచాక చాలాసేపటి దాకా వేళ్లు బిగుసుకుని ఉంటున్నాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉంది. ఒక వేలు పూర్తిగా ఉబ్బి ఉంగరం తిరగడం లేదు. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు పడ్డాయి. ఇది వయసు వల్లనా, లేక దీనికీ సొరియాసిస్‌కూ సంబంధం ఉంటుందా?

రెండో సమాధానం రాసిన వైద్యురాలు

ఇది చిన్న సందేహం కాదండీ. చర్మానికి వచ్చిన ఈ జబ్బు కొందరిలో కీళ్లకూ వస్తుంది. సొరియాసిస్ ఉన్నవారిలో దాదాపు 30 శాతం మంది దాకా దీని బారిన పడవచ్చు. పొద్దున్నే అరగంటకు మించి ఉండే బిగుతు, మొత్తం వేలు ఉబ్బడం, గోళ్ల మీద గుంటలు, మడమ నొప్పి దీనికి ముఖ్యమైన గుర్తులు. చర్మం మీది మచ్చ ఎన్నాళ్లకు తగ్గినా గుర్తు మిగలకుండా పోవచ్చు గానీ, అరిగిపోయిన కీలు తిరిగి రాదు.

మీ నిర్ణయం కూడా దీనితో మారుతుంది. కాంతి చికిత్స చర్మానికే తప్ప కీళ్లకు పనిచేయదు. మెథోట్రెక్సేట్ చాలామందిలో రెండింటికీ ఉపయోగపడుతుంది, అది చాలకపోతే క్షయ పరీక్ష చేసిన తరవాత బయాలజిక్ ఇంజెక్షన్లు (రోగనిరోధక వ్యవస్థలో ఈ వాపును పుట్టించే పదార్థాలను అడ్డుకునే మందులు) ఇస్తారు. ఈ వారంలోనే మీ వైద్యుల దగ్గరికి వెళ్లి, మచ్చల సంగతికంటే ముందు వేళ్ల సంగతి చెప్పి, కీళ్లవైద్యుల దగ్గరికి పంపమని అడగండి. ఈలోగా నొప్పి మాత్రలు ఏవైనా వేసుకుంటుంటే వాటి పేర్లు రాసి పట్టుకెళ్లండి, వాటిలో కొన్నింటికి మెథోట్రెక్సేట్‌తో పొసగదు. ఆ చూర్ణం పొట్లాన్ని, తైలం సీసాను పారేయకుండా సంచిలో వేసుకుని వెళ్లి వారికి చూపించండి.