షుగర్ మాత్రలు వేసుకుంటూ కాకర రసం తాగొచ్చా? డాక్టరుకి చెప్పాలా, మానేయాలా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
మా నాన్నకి 61 ఏళ్ళు. ఆరేళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నారు. పక్కింటాయన చెప్పారని మూడు వారాల కిందట పరగడుపున గ్లాసుడు కాకర రసం, నానబెట్టిన మెంతులు మొదలుపెట్టారు. మాత్రలు మాత్రం మానలేదు. మొన్న మంగళవారం పొలం గట్టు మీద కూలబడిపోయారు. నేను వెళ్ళేసరికి బనీను చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతులు వణుకుతున్నాయి, నన్ను మా బాబాయి పేరుతో పిలుస్తున్నారు. ఇంటికి తెచ్చి మిషన్‌తో చూస్తే 46. పంచదార నీళ్ళు తాగించాక పావుగంటకి మాట తిన్నగా వచ్చింది.

డాక్టరుకి రసం సంగతి చెబితే "ఎవరు తాగమన్నారు?" అని అందరి ముందూ కసిరారు. బయటికి రాగానే నాన్న అన్నారు: "ఈసారి ఏటి తాగినా ఈయనకి చెప్పకూడదురా." షుగర్ పడిపోయినదానికంటే ఆ మాటకి ఎక్కువ భయమేసింది నాకు. ఇంగ్లీషు మందులు వాడేవాళ్ళు నాటు మందులు పూర్తిగా మానేయాలా, చెప్పి వాడుకోవచ్చా?

చీపురుపల్లి మాస్టారు:
బాబూ, నాన్నగారు కోలుకున్నారు, సంతోషం. కానీ నేరమంతా కాకరకాయ మీదకి నెట్టకు. మా ఇంట్లో మూడు తరాలుగా నేలవేము కషాయం, శొంఠి, తిప్పతీగ వాడుతున్నాం. ఆకుల్లో ఏమీ లేదనేదీ డాక్టర్లే, ఆకు వల్ల షుగర్ పడిపోయిందనేదీ డాక్టర్లే. రెండూ ఎలా నిజమవుతాయి? ఒకప్పుడు బీపీకి ఇచ్చిన రిసర్పిన్ 1952లో మన సర్పగంధ వేరు నుంచి తీసిందే కదా!

మందుల షాపు (బొబ్బిలి):
మాస్టారూ, మీ సర్పగంధే నా జవాబు. వేరులో బలం ఉంది కాబట్టే మాత్రతో తగవు. మాత్ర మీద 2 ఎంజీ అని రాసి ఉంటే అందులో ఉండేది అంతే. కాకరకాయ లేతదైతే ఒకలా, ముదిరితే ఒకలా. గ్లాసులూ ఇంటికొక సైజు. గ్లిమిపిరైడ్ మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తుంది. ఖాళీ కడుపున కాకర, మెంతులు కూడా షుగర్‌ని దించుతుంటే ఇక ఆగేదెక్కడ? మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి సాధారణంగా ఇంతలా పడదు.

14 ఏళ్ళుగా కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. పిల్లాడికి జ్ఞాపకశక్తి పెరగాలని శంఖపుష్పి సిరప్ అడుగుతారు. అదే చీటీలో మూర్ఛకి ఫెనిటాయిన్ ఉంటుంది. శంఖపుష్పి మందు వల్ల రక్తంలో ఫెనిటాయిన్ తగ్గి, ఆగిన ఫిట్స్ తిరిగి రావడం మన దేశంలోనే చూశారు. అందుకే ఆ చీటీ చూస్తే నేను సిరప్ ఇవ్వను, తిట్టుకున్నా సరే. గుండె వాల్వు మార్చుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు ఉన్నట్టుండి రోజూ మునగాకు పొడి మొదలుపెడితే అందులోని విటమిన్ కె ఆ మందుకి ఎదురు తిరుగుతుంది. వెల్లుల్లి క్యాప్సూల్స్‌తో ఉల్టా, రక్తస్రావం భయం. కూరలో వేసే రెబ్బలకి భయపడక్కర్లేదు. దగ్గుకని అతిమధురం వారాల తరబడి నమిలితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. గుండెకి డిగాక్సిన్ మాత్ర వాడేవాళ్ళకి గుండె లయే తప్పొచ్చు.

కవిటి కొబ్బరితోట:
మాది ఉద్దానం. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మా అమ్మకి క్రియాటినిన్ (కిడ్నీ ఎంత చెడిందో చెప్పే రక్త పరీక్ష) 4 దాటాక, ఊళ్ళో అందరూ చెప్పారని గలిజేరాకు వండిపెట్టాం, కషాయం కాచి ఇచ్చాం. వేడి తగ్గుతుందని రోజుకి రెండు కొబ్బరి బొండాలు కూడా. తోట మాదే, కొనే పని లేదు. బీపీకి టెల్మిసార్టాన్ వేసుకునేది. ఆ మాత్ర పొటాషియాన్ని ఒంట్లో నిలబెడుతుందనీ, బొండం నిండా ఉండేది పొటాషియమేననీ, చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదనీ మాకెవరూ చెప్పలేదు. ఒకరోజు అమ్మ మంచం మీంచి కాళ్ళు దించలేకపోయింది. రిపోర్టులో పొటాషియం 6.4. మామూలుగా 5 దాటకూడదట. ఆ రాత్రే డయాలసిస్ చేశారు.

మాస్టారూ, నేను మిమ్మల్ని ఎదిరించడం లేదు. కిడ్నీ పేషెంటున్న ఇంట్లో మాత్రం డాక్టరుని అడక్కుండా ఒక్క ఆకు కూడా పొయ్యి మీద పెట్టకూడదు.

చీపురుపల్లి మాస్టారు:
అమ్మ విషయం చదివి మనసు కలుక్కుమంది. కిడ్నీ వాళ్ళ విషయంలో నీ మాటే నా మాట. నేనే బీపీ మాత్ర వేసుకుంటూ ఏడాదిగా కషాయం తాగుతున్నాను, డాక్టరుకి చెప్పలేదు. ఈసారి చెబుతాను. కానీ కసిరే డాక్టరుకి ఎవరు చెబుతారు? చీటీ రాసేముందు "ఇంట్లో ఇంకేం తాగుతున్నారు?" అని మెల్లగా అడిగితే మా వయసువాళ్ళం దాచుకోం.

మందుల షాపు (బొబ్బిలి):
అది నూటికి నూరుపాళ్ళు నిజం మాస్టారూ. నాగావళి తమ్ముడూ, మళ్ళీ వెళ్ళేటప్పుడు ఏది, ఎంత, ఏ టైముకి తాగారో కాగితం మీద రాసి, మాత్రల అట్టలతో పాటు పట్టుకెళ్ళు. పసరో పొడో అయితే సీసా కూడా తీసుకెళ్ళు. మాత్రల డోసు మాత్రం మీరే తగ్గించేయొద్దు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
రేపు వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. కాకర రసం ప్రస్తుతానికి ఆపాం. కొలత అడుగుతారేమోనని నాన్న తాగే స్టీలు గ్లాసు కూడా సంచిలో పెట్టాను. ఆయన చూసి ఏమీ అనలేదు. కాసేపాగి, "మెంతుల సంగతి కూడా రాశావా?" అని అడిగారు.