సామాను వ్యానులో, మనిషి కాలినడకన: దీన్ని యాత్ర అనవచ్చునా?

నడకదారి:
స్పెయిన్‌లోని సారియా పట్టణం నుంచి క్రైస్తవ పుణ్యక్షేత్రమైన శాంతియాగో ద కాంపొస్తేలా వరకు, సుమారు 115 కిలోమీటర్లు, ఐదు రోజుల్లో మా అమ్మగారితో కలిసి వచ్చే మే నెలలో నడవాలనుకుంటున్నాను. వెంట గైడు ఎవరూ ఉండరు. ఒక సంస్థ బసలు ముందే కుదిర్చి, దారి పటం ఇచ్చి, మా సూట్‌కేసులను రోజూ ఉదయం వ్యానులో తరువాతి ఊరికి చేరుస్తుంది. ఈ దారిని మొదటినుంచీ నడిచిన ఒక మిత్రుడు ఈ సంగతి విని, అది విహారమే తప్ప యాత్ర కాదన్నారు. ఆ మాట మనసులో నాటుకుపోయింది. నడిచినవారు మీ అభిప్రాయం చెప్పగలరని మనవి.

శ్రీగిరి_బాటసారి:
మీ మిత్రుడు కటువుగా చెప్పినా నిజమే చెప్పారని నా అభిప్రాయం. నేను ఫ్రాన్సు సరిహద్దులోని సెయింట్ జాన్ పీ ద పోర్ నుంచి దాదాపు 780 కిలోమీటర్లు, సంచి వీపున వేసుకుని నడిచాను. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటామో తెలియకపోవడమే ఆ నడకకు ప్రాణం. శాంతియాగో ఉన్న గలీసియా ప్రాంతపు ప్రభుత్వం నడిపే యాత్రికుల సత్రాల్లో ముందస్తు బుకింగు ఉండదు. ముందు వచ్చినవారికి ముందు మంచం. ఉగాదికి కర్ణాటక నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం నడిచివచ్చే భక్తులు దారిలో ఎవరు ఏది పెడితే అది తిని, చోటు దొరికినచోట నడుము వాలుస్తారు. గది తాళం ఎదురుచూస్తూ ఉండగా నడిచే నడకకు ఆ పేరు పెట్టడం నాకు ఒప్పదు.

రేవతి_మాడ్రిడ్:
బాటసారి గారూ, మీ నడక మీద నాకు గౌరవం ఉంది, కానీ మీరు పెట్టిన కొలతకు చరిత్రలో ఆధారం లేదు. 12వ శతాబ్దానికి చెందిన కలిక్స్తీనుస్ గ్రంథం ఈ దారి మజిలీలను చెబుతూ, ఎస్తేయా నుంచి నాహెరా వరకు ఉన్న మజిలీ గుర్రం మీద వెళ్లేవారికి అని స్పష్టంగా పేర్కొంది. తాము వెళ్లలేక, డబ్బిచ్చి తమ బదులు మరొకరిని పంపిన మధ్యయుగపు యూరోపియన్లు కూడా ఉన్నారు. నేటి నియమమూ సంచి ఊసెత్తదు: కాలినడకన కనీసం 100 కిలోమీటర్లు నడిచి, దారిలో యాత్రికుల పుస్తకం మీద రోజుకు రెండు ముద్రలు వేయించుకుని శాంతియాగో చేరితే, అక్కడి యాత్రికుల కార్యాలయం అడిగేది మీరు ఏ ఉద్దేశంతో నడిచారని. భక్తితోనో ఆధ్యాత్మిక అన్వేషణతోనో అన్నవారికే యాత్ర పూర్తిచేశారని లాటిన్‌లో రాసిన కాంపొస్తేలా పత్రం ఇస్తారు. శ్రీశైలం పోలికే తీసుకున్నా, నేను చూసిన పాదయాత్ర బృందాల వెంట వంటపాత్రలూ దుప్పట్లూ మోసే వాహనం వచ్చేది. వాళ్ల భక్తిని ఎవరైనా శంకించారా?

నేను రెండు విధాలుగానూ నడిచాను. రెండోసారి మా అమ్మ వెంట ఉంది, మోకాళ్ల నొప్పి వల్ల సామాను వ్యానులో పంపాము. దారిలోని పోర్తోమారిన్ ఊళ్లో ఆమె అక్కడి పెద్ద చర్చి గుడి ముందు చాలాసేపు నిలబడిపోయింది. 1960ల్లో జలాశయం కింద పాత ఊరు మునిగిపోతుంటే, ఆ గుడి రాళ్లకు అంకెలు వేసి విప్పి, కొండమీద మళ్లీ కట్టారు. వీపున ఎనిమిది కిలోల బరువుతో మొదటిసారి వచ్చినప్పుడు నేను ఆ గుడి వైపు తలెత్తి చూడనేలేదు, మంచం కోసం పరుగెత్తాను.

శ్రీగిరి_బాటసారి:
రేవతి గారూ, సంచి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బుకింగు విషయంలో మాత్రం తీసుకోలేను. ఈ ఐదు రోజుల నడకలో పాలాస్ దె రేయ్ అనే ఊరి నుంచి అర్సూవా అనే ఊరి వరకు ఒకే రోజున దాదాపు 29 కిలోమీటర్లు. అరికాలు బొబ్బలెక్కినా, గది అర్సూవాలో ఉంది కనుక మనిషి కుంటుకుంటూనో టాక్సీ ఎక్కో అక్కడికి చేరవలసిందే. టాక్సీ ఎక్కితే ఆ పత్రానికి కావలసిన నడక తెగిపోతుంది. సత్రాల మీద ఆధారపడినవాడు కాళ్లు చెప్పినచోట ఆగుతాడు. పెద్దవారితో వెళ్లేటప్పుడు ఇది ముఖ్యం.

రేవతి_మాడ్రిడ్:
ఇది ఒప్పుకుంటాను. మా అమ్మ ఏడ్చింది ఆ రోజునే.

నడకదారి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సామాను వ్యానులోనే వెళుతుంది, ఆ విషయంలో ఇక నాకు సంకోచం లేదు. ఆ పొడవైన మజిలీ మధ్యలో, పాలాస్ దె రేయ్‌కు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెలీదెలో ఒక రాత్రి కలిపి, నడకను ఆరు రోజులు చేయమని సంస్థకు ఇప్పుడే రాశాను.