జోర్డన్ లేక్‌లో క్రాపీకి నెమ్మది ట్రోలింగ్: గాలాలు ముందు తోయాలా, వెనక లాగాలా?

పాతపడవ
నార్త్ కరోలినా, జోర్డన్ లేక్. 16 అడుగుల అల్యూమినియం పడవ, ముందు ఎలక్ట్రిక్ మోటారు, ఇద్దరు మనుషులు, 8 రాడ్లు. కేరీ, మోరిస్‌విల్ నుంచి వెళ్లే మనవాళ్ల మధ్య క్రాపీ (ఓ మంచినీటి చేప) ట్రోలింగ్ గురించి, అంటే కదిలే పడవ నుంచి గాలం వేయడం గురించి, ఒకటే వాదన. పొడుగు రాడ్లు పడవ ముందు విసనకర్రలా పరిచి, ఎరలు నిలువుగా దించి తోసుకుంటూ పోవాలా (స్పైడర్ రిగ్గింగ్ అనేది ఇదే), లేక జిగ్గులు (సీసం తల ఉన్న గాలాలు) 70, 80 అడుగులు వెనక వదిలి లాగాలా? నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే అడుగుతున్నా. సోనార్ (నీళ్లలో చేపల్ని చూపే పరికరం) తెర చూసి ఒక్కో చేప నోటి ముందు ఎర పెట్టే పద్ధతి జోలికి పోవద్దు, అది వేరే గొడవ.

మిన్నో_బకెట్
తోయడమే. కారణం లోతు. క్రాపీ కళ్లు పైకి చూడ్డానికి అనువుగా ఉంటాయి. నెత్తి మీద అడుగు ఎత్తున ఎర కనిపిస్తే లేస్తుంది, కాళ్ల కింద పోయేదాన్ని చాలాసార్లు పట్టించుకోదు. సోనార్‌లో చేపలు 16 అడుగుల దగ్గర ఉంటే ఎర 14, 15 మధ్య నడవాలి. లాగుతూ ఆ లెక్క నిలబెట్టండి చూద్దాం.

రిగ్ ఇలా కట్టండి. 10 పౌండ్ల బరువు ఓర్చే లైన్ చివర త్రీవే స్వివెల్ (మూడు కన్నులున్న తిరిగే లంకె). ఒక కన్నుకి అడుగు లీడర్ (పొట్టి లైన్ ముక్క), దానికి పై గాలం. ఇంకో కన్ను నుంచి రెండడుగులు కిందికి దిగాక అర ఔన్సు గుడ్డు ఆకారపు సీసం. లైన్‌ని సీసం బొరియలోంచి మూడు నాలుగు సార్లు చుట్టి తీస్తే కదలదు. దాని కింద అడుగున్నర వదిలి రెండో గాలం. టెనసీ పోటీదారులు రోనీ క్యాప్స్, స్టీవ్ కోల్‌మన్ పేర్లతో చలామణీ అయ్యే రిగ్ ఇదే. మిన్నోని (ఎరగా వాడే చిన్న చేపని) కింది పెదవి నుంచి పై పెదవికి గుచ్చండి. వీపుకి గుచ్చితే పడవ కదలగానే గిరగిరా తిరిగి లైన్ మెలిపడుతుంది.

వేగం గంటకి 0.3 నుంచి 0.6 మైలు.

కొల్లేటి_కొంగ
లోతు సంగతి సరే బకెట్ గారూ, చేప ఎక్కడుందో ముందు తెలియాలిగా! గంటకి 0.5 మైలు అంటే నిమిషానికి 44 అడుగులు. వెతకడానికే పూట గడిచిపోతుంది. అదే 1 మైలుతో లాగితే నిమిషానికి 88. పైగా 8 అడుగుల నీళ్లలో చేపలుంటే మీ 14 అడుగుల రాడ్ కొస పడవకి పన్నెండడుగుల లోపే. మోటారు చప్పుడుకి అవి పక్కకి తప్పుకుంటాయి. 80 అడుగులు వెనక వచ్చే జిగ్ దగ్గరికి వచ్చేసరికి పడవ వెళ్లిపోయిన సంగతే మర్చిపోతాయి.

6 పౌండ్ల లైన్, 1/16 ఔన్సు జిగ్, 0.9 మైలు, 75 అడుగులు వెనక: సుమారు 6 నుంచి 8 అడుగుల లోతు. అమరం వైపు, అంటే పడవ వెనక, బయటి హోల్డర్లలో పొడుగు రాడ్లు, లోపలివాటిలో పొట్టివి. లైన్ల మధ్య ఎడం ఉంటేనే చిక్కుపడవు.

మలుపు మీద ఓ కన్నేయండి. ఎడమకి తిరిగితే ఎడమ పక్క జిగ్గులు నెమ్మదించి దిగుతాయి, కుడివి వేగం పుంజుకుని లేస్తాయి. పదేపదే మలుపు లోపలి వైపు రాడ్లే వంగుతుంటే చేపలు నెమ్మదిగా, లోతుగా అడుగుతున్నాయని అర్థం. తిన్నగా పోయేటప్పుడు కూడా వేగం ఓ పిసరు తగ్గించండి.

మానేరు_గాలం
అన్నా, ఇద్దరూ నెలను మర్చిపోయిన్రు. ఎండకాలంల చెరువు అడుగు నీళ్లల్ల ఆక్సిజన్ ఉండది, చేపలు మీది పొరల్నే ఉంటయి. చలి మొదలైనంక మీది నీళ్లు చల్లబడి కిందికి దిగి అంతా కలుస్తది. అప్పుడు చేపకు ఏ లోతైనా ఒకటే, చెల్లాచెదురైతయి. గా రోజుల్ల లాగుడే నయం. జనవరిల షాడ్ చేపల ఎంబడి పాత వాగు గట్టు అంచులకు గుంపు కడ్తయి, గప్పుడు తోసుడు.

కొంగ అన్నకు ఒక ప్రశ్న. నీళ్లు 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వచ్చినంక 0.9 మైలు ఎక్కువైతది. 0.5కు తగ్గిస్తె నీ 1/16 జిగ్ అడుగుకు పోయి మొద్దుకు తగుల్తది. మరెట్ల?

కొల్లేటి_కొంగ
జిగ్ 1/32కి మార్చి 0.6తో నడపాలి. ఒప్పుకుంటున్నా, గాలి ఉంటే అంత తేలికది అదుపులో ఉండదు.

మిన్నో_బకెట్
అదే నేను చెప్పేది. మొద్దుల మాటొచ్చింది గనక: తోసేటప్పుడు గాలం తగులుకుంటే లైన్ మీ ముందు నిలువుగానే ఉంటుంది, మోటారు ఆపి రాడ్ ఎత్తితే సగంసార్లు వచ్చేస్తుంది. సన్నతీగ అబర్డీన్ గాలాలు వాడితే 10 పౌండ్ల లైన్‌కి గాలమే నిటారై ఊడుతుంది. పట్టకారుతో వంచి మళ్లీ దించేయొచ్చు. 1811-12 భూకంపాలకి పుట్టిన టెనసీ రీల్‌ఫుట్ లేక్ లాంటి మొద్దుల మడుగులో 80 అడుగుల లైన్ లాగే ధైర్యం ఎవరికీ ఉండదు.

పాతపడవ
బకెట్ గారూ, 15 అడుగుల లైన్ వదిలినా ఎర 15 దగ్గర ఉండట్లేదని కొందరి ఫిర్యాదు.

మిన్నో_బకెట్
లైన్ వాలు చూసుకోకపోతే అంతే. నిలువుకి 30 డిగ్రీలు వెనక్కి వాలితే 15 అడుగుల లైన్ 13 దగ్గర ఉంటుంది. 45 డిగ్రీలైతే పదిన్నర. చేప పైకి లేస్తుంది గనక 13 పర్వాలేదు, పదిన్నర దండగ. వాలు 20 డిగ్రీలు దాటితే సీసం ముప్పావు ఔన్సుకి పెంచండి, లేదా వేగం తగ్గించండి. జీపీఎస్ చూపేది నేల మీది వేగం. గాలికి పైనీళ్లు కదులుతుంటే నీటిలో ఎర వేగం వేరు. నేనైతే అంకెని కాదు, లైన్ వాలునే నమ్ముతాను.

కొల్లేటి_కొంగ
అలల రోజు ఆ వాలు ఏమవుతుంది? పడవ ముందు కొస అరడుగు లేస్తే 14 అడుగుల రాడ్ చివర అంతకంటే ఎక్కువ ఊగుతుంది, మిన్నోలు తాడాట ఆడినట్టు గెంతుతాయి. లాగేటప్పుడు ఆ కుదుపుని పొడుగు లైన్ మింగేస్తుంది.

మానేరు_గాలం
అందుకే గాలికి ఎదురుగ తోయాలె. గాలి వెనకకెళ్లి కొడితె పడవ మోటారు మాట వినది, అడ్డం తిరుగుతది. వెనక రెండు గొలుసులు నీళ్లల్ల వేలాడదీస్తె కొంత ఆగుతది. అల మరీ పెద్దగుంటె మాత్రం నేను కొంగ అన్న దిక్కే.

డాలస్_బెండు
ఏ పద్ధతైనా లోతు విషయంలో ఒక జాగ్రత్త. 25, 30 అడుగుల నుంచి లాగిన చేపకి గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా చాలావరకు బతకదు. మా దగ్గర టెక్సస్‌లో క్రాపీకి మామూలు నిబంధన 10 అంగుళాల కనీస పొడవు, రోజుకి 25. లేక్ ఫోర్క్‌లో మాత్రం డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా కొలత లేదు, పట్టిన ప్రతి చేపా ఉంచుకోవాల్సిందే, 25 అయ్యేదాకా. కారణం ఇదే. మీ రాష్ట్రంలో రాడ్ల లెక్క, కొలత పడవ దింపకముందే చూసుకోండి.

పాతపడవ
అయితే డిసెంబర్ మొదటి వారం: జోర్డన్ లేక్‌లో న్యూ హోప్ పాయ వైపు రెండు గంటలు 0.8తో లాగి, రెండు మూడు చేపలు ఒకే చోట తగిలితే అక్కడ జీపీఎస్ గుర్తు పెట్టి, వెనక రాడ్లు చుట్టేసి, తోయడానికి దిగాలి. 8 రాడ్లూ.

మిన్నో_బకెట్
4తో దిగండి. రెండు 14 అడుగులకి, రెండు 12కి. ఏ లోతులో పడుతున్నాయో తేలాక మిగతా నాలుగూ అక్కడికే దించండి. చేప తగిలితే గట్టిగా కొట్టొద్దు, క్రాపీ నోరు పలచటి పొర, చిరిగిపోతుంది. హోల్డర్ నుంచి రాడ్ ఎత్తితే చాలు.

కొల్లేటి_కొంగ
వల పిడి పొడుగ్గా ఉండేది కొనండి. 14 అడుగుల రాడ్ చివర వేలాడే చేపకి పొట్టి పిడి అందదు, ఊపి పడవలోకి వేద్దామనుకుంటే సగం దారిలో నోరు చిరిగి నీళ్లలోకే. ఇంటికెళ్లాక పులుసు జోలికి పోకండి, మెత్తటి కండ, విడిపోతుంది. కారం, అల్లం వెల్లుల్లి పట్టించి వేపుడే.

మానేరు_గాలం
పులుసు సంగతి తప్పన్నా. చింతపండు పులుసు మరిగినంక ముక్క ఆఖరుకు వెయ్యాలె, గరిటె పెట్టొద్దు.