టేకు తోట: 25 సెంట్లకు కోటి అంటున్నారు, లెక్క ఎంతవరకు నిలుస్తుంది?

పర్లాకిమిడి_పొలంగట్టు

పర్లాకిమిడి, గుణుపురం వైపు చేతులు మారుతున్న ఒక కాగితంలోని లెక్క ఇది. 25 సెంట్ల బిట్టు, 100 టిష్యూ కల్చర్ టేకు మొక్కలు, 15 ఏళ్ల నిర్వహణ అమ్మే కంపెనీదే. కట్టాల్సింది 4 లక్షలు. 15వ ఏట చెట్టుకు 20 ఘనపుటడుగులు, అడుగు 5,000 చొప్పున మొత్తం కోటి. పేరు రాయను, పేర్లు మారుతుంటాయి గానీ లెక్క ఇదే తిరుగుతోంది.

చెట్టుకు 20 అడుగులు వస్తాయా? 5,000 ధర ఎక్కడిది? సొంత భూమిలో సొంతంగా వేసుకుంటే ఎంత మిగులుతుంది? తెలిసినవాళ్లు అంకెలతో చెప్పండి.

సిరొంచ_టేపు

అన్నా, ముందు ఆ 20 అడుగుల సంగతి చూద్దాం. అడితిలో దుంగను కొలిచేది ఇట్ల: దుంగ నడిమధ్యన చుట్టుకొలత అంగుళాల్లో తీస్తరు, దాన్ని నాలుగుతో భాగిస్తరు, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తరు, మళ్లీ పొడవు అడుగులతో గుణించి 144తో భాగిస్తరు. ఇదే క్వార్టర్ గర్త్ లెక్క.

15 ఏళ్ల చెట్టు, మంచి ఎర్రనేల, నీళ్లున్నయి అనుకుందాం. మధ్య చుట్టుకొలత 23 అంగుళాలు, పనికొచ్చే మొద్దు 15 అడుగులు. 23లో నాలుగో వంతు 5.75. 5.75 × 5.75 × 15 ÷ 144 = 3.4 అడుగులు. 20 ఏళ్లకు మధ్యన 26 అంగుళాలు, 16 అడుగుల మొద్దు అయితే 4.7.

ఇప్పుడు తిరగేసి చూడు. 16 అడుగుల మొద్దులో 20 ఘనపుటడుగులు రావాలంటే మధ్య చుట్టు 54 అంగుళాలుండాలె. మధ్యనే 54 అంటే రొమ్ము ఎత్తున ఇంకా ఎక్కువ. 15 ఏళ్లకు గంత లావు ఏ నేలల రాదు. మా సిరొంచ, ఆలపల్లి అడవుల్ల గంత లావు టేకు కనిపిస్తది, కానీ దాని వయసు కాగితంల రాసిన వయసు కాదు.

ఇంకో సంగతి. క్వార్టర్ గర్త్ లెక్కలో అసలు కర్రలో 78.5 శాతమే లెక్కకొస్తది, మిగతా 21.5 శాతం కోతలో పోయే తరుగుకింద కొనేవాడికి మిగుల్తది. దీనికితోడు బెరడు కింద అంగుళమో, అంగుళమున్నరో తీసేస్తరు. ఎవడైనా ఇన్ని చెట్లు, ఇన్ని టన్నులు అంటే టేపు తీస్కొని రమ్మను.

రాయగడ_లెక్కలు

సిరొంచ అన్న చెప్పిన కొలతలమీదే డబ్బు లెక్క వేస్తాను. ధర, ఖర్చు అంకెలు రెండూ ఉదాహరణకే. మీ అడితిలో అడిగిన ధర, మీ ఊరి కూలి రేటు పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

ముందు 5,000 సంగతి. చిన్న చుట్టు టేకు ఈరోజు అడుగు 900 అనుకోండి. ఏటా 15 శాతం పెరుగుతుందని 20 ఏళ్లకు వేస్తే 16.4 రెట్లు, అంటే అడుగు 14,700. 10 శాతమైతే 6,050. కాగితాల్లో పెద్ద అంకె పుట్టేది ఇక్కడే. కర్ర ధర పెంచుతారు గానీ కూలి, కాపలా, కంచె ఖర్చు మాత్రం ఈరోజు రేటులోనే ఉంచేస్తారు. రెండూ కలిపి పెంచాలి, లేకపోతే రెండూ ఈరోజు ధరలోనే ఉంచాలి. నేను ఉంచుతున్నాను, కాబట్టి కింద వచ్చే శాతం ధరల పెరుగుదల తీసేసిన శాతమే.

ఒక ఎకరా, 10 × 10 అడుగుల ఎడం, 435 మొక్కలు. మొదటి ఏడు 60,000 (మొక్కలు, గోతులు, కంచె, డ్రిప్). తర్వాత 5 ఏళ్లు ఏటా 12,000. ఆపైన 14 ఏళ్లు ఏటా 5,000. పదో వంతు చచ్చిపోతే 390. పలచన చేసినప్పుడు 150 తీస్తే 240. గాలికి, దొంగలకు 40 పోతే చివరికి 200. చెట్టుకు 5 అడుగులు వేసి వెయ్యి అడుగులు, 900 చొప్పున 9 లక్షలు. కోత, ఎత్తుడు, అనుమతి, బండికి 20 శాతం పోను 7.2 లక్షలు.

ఐఆర్ఆర్ (పెట్టిన డబ్బుమీద ఏటా పడే రాబడి) వేస్తే 8.8 శాతం. బాగుంది కదా? కాని భూమి కౌలు కలపలేదు. అదే ఎకరాకు ఏటా 8,000 కౌలు వచ్చే భూమి అయితే ఆ కోల్పోయిన కౌలు కూడా ఖర్చే. అది కలిపితే 5.6 శాతానికి పడుతుంది. పలచన చేసిన గుంజల డబ్బు కూలీకి సరిపోతుందని వదిలేశాను. మొదటి రెండు మూడేళ్లు అంతరపంట వేస్తే ఇంకొంచెం లేస్తుంది.

అదే పద్ధతిలో కాగితం చూడండి. 4 లక్షలు 15 ఏళ్లలో కోటి అవ్వాలంటే ఏటా 24 శాతం రావాలి. 25 సెంట్లలో చివరికి మిగిలేది 50 చెట్లు. చెట్టుకు మూడున్నర అడుగులు, 900 చొప్పున 1,57,500. ఖర్చులు అందులోంచే పోవాలి. అంటే ఆ 4 లక్షలకు నిలబడేది నేల విలువే, చెట్టు విలువ కాదు. ఆ 25 సెంట్లు చుట్టుపక్కల ఎంతకు పోతోందో కనుక్కుని, ఎంత ఎక్కువ అడుగుతున్నారో అప్పుడు చూడండి.

గుణుపురం_చేవ

ధర గురించి ఒక మాట. 15 ఏళ్ల టేకుకూ 50 ఏళ్ల టేకుకూ ఒకే ధర కట్టడమే పెద్ద మోసం. 23 అంగుళాల చుట్టు దుంగ అడ్డం 7.3 అంగుళాలు. చుట్టూ ఒకటిన్నర అంగుళం తెల్ల చెక్క పోతే చేవ మిగిలేది 4.3 అంగుళాలు. వైశాల్యం కట్టండి, మూడో వంతు. గుమ్మానికీ తలుపుకీ చేవ కావాలి, తెల్ల చెక్కను చెద ముందు తింటుంది. వడ్రంగి దుంగ కొస చూస్తాడు గాని వయసు సర్టిఫికెట్ చూడడు. పైగా చిన్న చుట్టు దుంగలకు ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో దిగే తోట టేకుతో పోటీ ఉంది, ఆ ధర మించి మన చిన్న దుంగలకు ఎవరూ ఇవ్వరు.

కిన్వట్_గునపం

లెక్కలు బాగానే ఉన్నయి గాని, చుట్టు ఎందుకు పెరగదో కూడా చెప్పుకోవాలె. ఎక్కువ తోటల్ల తప్పు నాటే రోజే జరుగుతది.

నేల ముందు చూడాలె. టేకుకు సున్నం ఉన్న, నీరు దిగే నేల కావాలె. మా దిక్కు నల్లరేగడిల వానకాలం నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతది. గోదారి, ప్రాణహిత ఒడ్డున పల్లపు చేలల్ల వేసినోళ్లకు కూడా ఇదే గతి. 3 అడుగుల గుంత తవ్వి ఒక వాన పడినాక చూడండి, మర్నాటికి నీళ్లు దిగకుంటే ఆ తావు వదిలెయ్యండి.

టిష్యూ కల్చర్ అంటేనే పెద్ద మొక్క అనుకోవద్దు. స్టంపు (ఆకు, కాండం కోసేసిన నారు వేరు) చాలు: బొటనవేలు మందం, 15 నుంచి 20 సెంటీమీటర్ల వేరు, పైన 2, 3 సెంటీమీటర్ల కొన. తొలివానలు పడినాక గునపంతో బొంద కొట్టి, దించి, మట్టి గట్టిగ తొక్కాలె. గాలి మిగిలితే వేరు ఎండుతది, సగం చచ్చేది గట్లనే. సంచి మొక్క అయితే ఒకటిన్నర అడుగు గుంత, సంచి అడుగున చుట్టుకున్న వేరు కత్తిరించాలె. కత్తిరించకుంటే ఐదో ఏట గాలికి ఒరిగిపోతది. గుంతలో వేపపిండి వేస్తే చెదకు కొంత అడ్డం.

మొదటి రెండు మూడేళ్లు పక్కమొలకలు గోటితో గిల్లాలె. కొమ్మ బొటనవేలంత కాకముందే మొద్దుకు ఆనించి కొయ్యాలె, మీదికి ఎక్కినకొద్దీ ఎత్తుల మూడో వంతు దాటి కొయ్యొద్దు.

పూత సంగతి ఎవరూ చెప్పరు. టేకుకు పూగుత్తి చిటారు మొగ్గలోంచి వస్తది. గట్ల పూసిన చోట కాండం రెండుగ చీలుతది, సాఫు మొద్దు అక్కడితో ఆఖరు. నాలుగో ఏటనే పూసే మొక్కజాతి తెచ్చుకుంటే 16 అడుగుల మొద్దు ఆశ వదులుకోవచ్చు.

పలచన మాత్రం మనసుకు కష్టం. కొమ్మలు ఒకదానికొకటి తగిలి రెండు వానకాలాలు గడిస్తే చుట్టు ఆగుతది. 5, 6 ఏళ్లకు ఒకసారి, పదేళ్లకు ఒకసారి తియ్యాలె. వంకరవి, చీలినవి, నీడన పడ్డవి ముందు. ఆలస్యంగ తీస్తే వెలుతురు తగిలి మొద్దు మీద కొత్త మొలకలు లేస్తయి, ప్రతి మొలక ఒక ముడి.

వంశధార_గాలి

గాలి లెక్క రాయగడ గురువుగారు 40 చెట్లే వేశారు, మా వైపు తక్కువే. 2018 అక్టోబరు తిత్లీ గజపతి జిల్లామీద ఎలా పోయిందో చూశాం కదా. తుఫాను చెట్లనే కాదు, ధరనీ పడగొడుతుంది: వారంలో ఊళ్లన్నిటి దుంగలూ అడితికి చేరితే బేరమాడేది వాడే. పడిన దుంగకైనా అనుమతి లేకుండా బండెక్కించలేం.

డ్రిప్ గురించి కొంచెం తేడా అభిప్రాయం. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు అవసరమే. తర్వాత కూడా రోజూ పోస్తే చెట్టు పొడుగ్గా, సన్నగా లేస్తుంది, వేరు పైపైనే ఉండిపోతుంది, తూర్పు గాలికి మొదట పడేది అదే. మూడో ఏటి నుంచి దూరం దూరంగా, ఎక్కువ మోతాదులో పొయ్యండి.

పురుగు కూడా లెక్కలోకి రావాలి. తొలివానల తర్వాత లేతాకును తినేసే పురుగు ఒకటి, వానలు తగ్గాక ఆకును జల్లెడ చేసేది ఇంకొకటి. నీలంబూరులో కేరళ అటవీ పరిశోధన సంస్థవాళ్లు కొలిచి చూస్తే, పురుగు తగిలిన లేత తోటల్లో రావలసిన కర్ర పెరుగుదలలో 44 శాతం పోయింది. చెట్టు చావదు, ఆకు మళ్లీ వేస్తుంది, అందుకే మనం పట్టించుకోం. లైటు ఎరతో రెక్కల పురుగులు ఎక్కువ పడుతున్నాయంటే తర్వాతి పది రోజులు ఆకు కింద చూడాలి.

దెగ్లూర్_ఒకమాట

మహాగని, ఎర్రచందనం, శ్రీగంధం అని కూడా తిప్పుతున్నరు. ఒక్క ముక్కల: మహాగనికి చిటారు కొన తొలిచే పురుగు పడితే మొద్దు గజిబిజి కొమ్మలైతది, అడితిల టేకు ధర రాదు. శ్రీగంధం పక్కన ఆసరా మొక్క లేకుంటే బతకదు, చేవకు పదేళ్లు దాటాలె, చేవ కట్టినాక కాపలా ఖర్చు చెట్టు ఖర్చును మించుతది. ఎర్రచందనం సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారం మీద దేశాల) ఒప్పందం జాబితాల ఉంది, ఎగుమతి మన చేతిల లేదు. నీడకు, అందానికి పెట్టుకోండి.

పర్లాకిమిడి_పొలంగట్టు

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ దండాలు. కొట్టడానికి, తోలడానికి కాగితాలు ఏటి కావాలి? ఇంకోటి, ఆ కాగితంలోని స్కీము చట్టప్రకారం సరైనదేనా?

రాయగడ_లెక్కలు

రెండోదానికి ముందు జవాబు. జనం డబ్బు ఒకచోట చేర్చి, నిర్వహణ వాళ్లే చూసుకుని, లాభం ఇస్తామంటే అది సామూహిక పెట్టుబడి పథకం. 1990లలో ఇలాంటి టేకు బాండ్లు కుప్పలుగా కూలాక, సెబీ (పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) 1999లో వీటికి నియమాలు తెచ్చింది. నమోదు లేకుండా వసూలు చేయకూడదు. 2014 సవరణ తర్వాత నమోదు లేకుండా 100 కోట్లు గాని, అంతకు మించి గాని చేర్చితే దాన్నీ అలాంటి పథకంగానే లెక్కిస్తారు. తప్పించుకోవడానికి భూమిని ఒక కాగితంలో, నిర్వహణను ఇంకో కాగితంలో రాస్తారు. సెబీ నమోదు సంఖ్య అడగండి, సెబీ వెబ్‌సైట్లో వెతకండి. మేం భూమే అమ్ముతున్నాం అంటే, 15వ ఏట కోత ఖర్చు ఎవరిది, అప్పటికి కంపెనీ లేకపోతే దారి, నీళ్ల బోరు ఎవరివి అని రాతలో అడగండి.

పన్ను విషయం: మన భూమిలో దున్ని, నాటి, పెంచిన చెట్టు కర్ర వ్యవసాయ ఆదాయమే. తానే మొలిచిన అడవి చెట్టుమీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కాదు, సుప్రీంకోర్టు 1957లోనే తేల్చింది. నాటిన బిల్లులు, అంతరపంట రికార్డు దాచుకోండి.

గుణుపురం_చేవ

కాగితాలు. ఒడిశా వైపు: పట్టా నకలు, సర్వే పటం, చెట్ల సంఖ్య, ఒక్కొక్కదాని చుట్టుకొలత పట్టిక పెట్టి రేంజి ఆఫీసులో దరఖాస్తు. రెవెన్యూ, ఫారెస్టు వాళ్లు వచ్చి చెట్లు మన హద్దులోనివా, అడవివా అని చూస్తారు. సుత్తి ముద్ర (ఫారెస్టు వాళ్లు చెట్టుమీద కొట్టే గుర్తు) పడ్డాకే కొట్టాలి, దుంగలయ్యాక తోలడానికి ట్రాన్సిట్ పర్మిట్. ఇక్కడ దెబ్బతినేది హద్దు దగ్గరే. అడవి ఆనుకుని ఉన్న పొలమైతే నాటే ఏడాదే హద్దురాళ్లు వేయించి, చెట్లు నాటినట్టు రికార్డులో రాయించుకోవాలి. 20 ఏళ్ల తర్వాత ఇవి నేను నాటినవే అని రుజువు చేయడం చాలా కష్టం.

ఇంకో ముఖ్యమైనది. రాయగడ, కోరాపుట్ పూర్తిగా, గజపతిలో కొంత షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 రెగ్యులేషన్, 2002 సవరణ ప్రకారం అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారదు. 25 సెంట్ల బిట్టు ఎవరి ఖాతాలోంచి విడిపోయిందో చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

కిన్వట్_గునపం

మహారాష్ట్ర దిక్కు 1964 చెట్ల కోత చట్టం కింద అనుమతి. సాత్‌బారాల (అక్కడి భూమి రికార్డుల) టేకు చెట్ల సంఖ్య ఎక్కించుకోవాలె, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గర ఏటా చూసుకోండి. భూమి ఆదివాసీలదైతే 1969 చట్టం వేరే ఉంది, చెట్ల అమ్మకం కలెక్టర్, ఫారెస్టు ద్వారా నడుస్తది, నేరుగ వ్యాపారికి అమ్మితే చెల్లదు.

పర్లాకిమిడి_పొలంగట్టు

ఆఖరి ప్రశ్న. బ్లాకుగా కాకుండా గట్టుమీద వేస్తే? కొట్టాక పాలకొండ అడితికి తోలాలంటే రాష్ట్రం దాటాలి కదా.

రాయగడ_లెక్కలు

గట్టు మంచి ఆలోచన, కౌలు లెక్క పోతుంది కాబట్టి పైన వేసిన 5.6 కాకుండా 8.8 వైపు ఉంటుంది. చదరపు ఎకరా చుట్టూ 835 అడుగులు, 8 అడుగులకొకటి వేస్తే 104 చెట్లు. రెండు వైపులా వెలుతురు ఉంటుంది గనక చుట్టు కూడా బ్లాకు కన్నా త్వరగా వస్తుంది. వరిమడి నీళ్లు తగలని ఎత్తు గట్టు కావాలి. దక్షిణం గట్టుమీద వేస్తే నీడ మీ పంటమీద పడుతుంది, ఉత్తరం గట్టుమీద వేస్తే పక్కవాడి పంటమీద. అందుకే ఉత్తరం వైపు హద్దునుంచి లోపలికి జరిపి, ముందే పక్కాయనతో మాట్లాడుకోండి. పంటవైపు రెండడుగుల లోతు కందకం తవ్వితే వేరు మడిలోకి రాదు, మూడేళ్లకోసారి ఆ కందకం మళ్లీ తియ్యాలి.

గుణుపురం_చేవ

రాష్ట్రం దాటడానికి 2023 డిసెంబరులో దేశమంతటికీ తెచ్చిన జాతీయ ట్రాన్సిట్ పాస్ వ్యవస్థలో ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది. పాస్‌లో దుంగల సంఖ్య, కొలతలు, బండి నంబరు, దారి ఉంటాయి, గడువూ ఉంటుంది. బండి ముందే మాట్లాడి నిలబెట్టొద్దు, ముద్ర పడి పాస్ చేతికొచ్చాక పిలవండి. దారిలో బండి చెడి వేరే బండిలోకి మార్చితే నంబరు కలవదు, చెక్‌గేటు దగ్గర దుంగలు దించేస్తారు, మార్పు రాయించుకున్నాకే కదలాలి.