రెండో ఆల్బమ్‌లో పలు శైలులు కలపడం: మీ అనుభవాలు చెప్పగలరు

మేడమీదిగది:
నమస్కారం. నా మొదటి ఆల్బమ్‌ను గిటారు, గొంతు, ఒకే ఒక్క మైకుతో మా మేడ మీది గదిలో పూర్తి చేశాను. రెండోదానిలో డప్పు, సన్నాయి, పాత కీబోర్డు ధ్వనులు, కొంత ఎలక్ట్రానిక్ లయ కలపాలని పనిలోకి దిగి ఎనిమిది నెలలైంది. ఆరు పాటలు తయారయ్యాయి గాని, వరుసగా వింటే ఆరుగురు వేర్వేరు మనుషులు చేసినట్టున్నాయి. విన్న మిత్రుడొకరు విస్తట్లో ఉన్నవన్నీ ఒకేసారి కలిపి తిన్నట్టుందన్నారు. కోపం వచ్చింది గాని కాదనలేకపోయాను. ఈ దశ దాటినవారు ఎలా దాటారో దయచేసి చెప్పండి.

పాతటేపు:
బోన్ ఈవేర్ పేరుతో పాడే జస్టిన్ వెర్నన్ రెండో ఆల్బమ్ తయారైన తీరును మీరు ఒకసారి పరిశీలించాలి, ఎందుకంటే ఆయన బయలుదేరిన చోటు దాదాపు మీదే. మొదటి ఆల్బమ్‌ను 2006-07 చలికాలంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, తండ్రికి చెందిన వేట కుటీరంలో ఒంటరిగా రికార్డు చేశారు. అందులో ప్రధానంగా వినిపించేవి గిటారు, పొరలు పొరలుగా పేర్చిన సన్నని గొంతు. 2011 జూన్‌లో వచ్చిన రెండోదానిలో జానపద గిటారు పక్కన సాక్సోఫోన్లు, పెడల్ స్టీల్ (తీగల మీద కడ్డీ జరుపుతూ, కాలి మీటలతో శ్రుతి మార్చుతూ వాయించే గిటారు), వయొలిన్ల బృందం, కవాతును తలపించే డ్రమ్ములు, చివరి పాటలో 1980ల నాటి కీబోర్డు కూడా ఉన్నాయి. అయినా 10 పాటలూ ఒకే మనిషివిగా నిలిచాయి.

నాకు అర్థమైన కారణం ఆ మధ్య సంవత్సరాల్లో ఉంది. 2009లో వెలువడిన నాలుగు పాటల చిన్న రికార్డులో, చివరి పాటను వాయిద్యాలు లేకుండా ఆటోట్యూన్ చేసిన, అంటే కంప్యూటర్‌తో శ్రుతి దిద్దిన గొంతుతోనే కట్టారు. అదే సంవత్సరం వోల్కనో కోయిర్ బృందంతో మరింత ప్రయోగాత్మకమైన ఆల్బమ్ చేశారు. 2010లో ఆయన పాల్గొన్న గేయింగ్స్ బృందం, నిమిషానికి 69 బీట్ల ఒకే వేగంలో మొత్తం ఆల్బమ్‌ను నడిపి, మెత్తని పాతకాలపు రాక్ ధ్వనితో ఆడుకుంది. అంటే కొత్త ధ్వనులలో చాలావాటిని ఇతరుల పందిట్లో ముందే వాడి, చేతికి అలవాటైన తరువాతే సొంత పేరుతో వచ్చే ఆల్బమ్‌లోకి తెచ్చుకున్నారు.

రెండో విషయం మనుషులు. కోలిన్ స్టెట్సన్ సాక్సోఫోన్‌నూ, గ్రెగ్ లీజ్ పెడల్ స్టీల్‌నూ, రాబ్ మూస్ తీగ వాద్యాలనూ తమ తమ పద్ధతిలోనే వాయించారు. సాక్సోఫోన్ కావాలనిపించి కీబోర్డులో ఆ మీట నొక్కడానికీ, దానితోనే బతికే మనిషిని పిలవడానికీ ఎంతో తేడా ఉంది. ఇక స్థలం: ఫాల్ క్రీక్ అనే ఊరి దగ్గర, ఒకప్పటి పశువైద్యశాలను సోదరుడితో కలిసి కొని, అందులోని ఈతకొలను మీద స్టూడియో కట్టుకున్నారు. ఆ చివరి పాట కీబోర్డును ఎగతాళి చేసినవారు లేకపోలేదు. నాకు మాత్రం ఆల్బమ్‌లో అన్నిటికన్నా ధైర్యమున్న పాట అదే. 2012లో ఆ ఆల్బమ్‌కూ, ఉత్తమ నూతన కళాకారుడిగా ఆయనకూ గ్రామీ పురస్కారాలు దక్కాయి. రెండో ఆల్బమ్‌తో నూతన కళాకారుడు కావడం కాస్త విడ్డూరమే.

సిర్రాపుల్లా:
పాతటేపు గారు చెప్పినది ఆసక్తిగానే ఉంది గాని, స్టూడియో కొనుక్కోగలిగినవారి ఉదాహరణ మేడ మీది గదికి ఎంతవరకు సరిపోతుందో ఆలోచించాలి. మనుషుల గురించిన మాటను మాత్రం పూర్తిగా అంగీకరిస్తాను. నా రెండో ఆల్బమ్‌లో మొదట కంప్యూటర్‌లో దొరికే తాళవాద్యాల శబ్దాలతో డప్పును తయారు చేయబోయి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. తరువాత మా ఊరి నుంచి వచ్చిన పెద్దాయన ఒక పూటలో మూడు పాటలకు వాయించి వెళ్లారు. సిర్ర (లావు కర్ర) దెబ్బకూ, సిటికెన పుల్ల (సన్న పుల్ల) దెబ్బకూ మధ్య ఆయన చేతిలో ఉన్న వెనుకాముందుల్ని కంప్యూటర్‌లో లయను చూపే గీతల మీదికి లాగి సరిచేయగానే డప్పు చచ్చిపోయింది. చివరికి ఆయన వాయించినది అలాగే ఉంచి, ఎలక్ట్రానిక్ లయనే దానికి తగ్గట్టు జరుపుకున్నాను.

ఇంకో జాగ్రత్త చెప్పాలి. సెగ చూపిన డప్పు చల్లారుతున్నకొద్దీ తోలు సడలి శ్రుతి దిగుతుంది. మొదటిసారి వాయించినదాన్నీ పదోసారి వాయించినదాన్నీ అతికిస్తే అతుకు చెవికి తెలుస్తుంది. కాబట్టి పాటకు ఒకసారి కాచి, ఆ వేడిలోనే పాటంతా పూర్తి చేయండి. ముందు, వెనుక రెండు మైకులు పెడితే ఒకదాని పొలారిటీ (ధ్వని తరంగపు దిశ) తిప్పి వినండి, లేకపోతే కింది స్వరాలు ఒకదాన్నొకటి కొట్టుకుని దెబ్బ డొల్లగా వినిపిస్తుంది.

ఐదున్నరశ్రుతి:
సన్నాయి విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. పాటంతా గిటారుతో కట్టేసి, చివర్లో విద్వాంసుణ్ణి పిలిచి మా శ్రుతికి రమ్మన్నాను. గిటారు శ్రుతిని నిమిషంలో మార్చుకోవచ్చు గాని, చేతిలోని సన్నాయి శ్రుతిని అంతగా మార్చలేము. ఆయన పెదవులతో బలవంతంగా లాగి వాయించారు, ఆ కష్టం రికార్డులో వినబడుతోంది. ముందు సన్నాయి శ్రుతి తెలుసుకుని, అక్కడి నుంచి పాట కట్టుకోవాలి.

తాళం విషయంలోనూ అంతే. నా పాటలో మిశ్రచాపు తాళం ఏడు అక్షరాలతో (తాళపు లెక్కలతో) నడుస్తుంటే, కింద డ్రమ్ము ఎనిమిదితో తిరిగేది. రెండూ మళ్లీ ఒకేచోట పడాలంటే 56 అక్షరాలు గడవాలి. ఆ కలిసే చోటనే పల్లవి ఎత్తుకున్నాం, అతుకు పెట్టాల్సిన చోటే పాటకు బలమైంది.

మేడమీదిగది:
అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక ఆరు పాటల్లోనూ గొంతు ఒక్కటే ఉంచి, మిగతావన్నీ ఆపి విన్నాను. తేడా అక్కడే ఉంది: ఒక్కో పాటకు ఒక్కో రకం ఎకో వేసి, ఆ శైలి గాయకుడిలా పాడటానికి ప్రయత్నించాను. నాలుగు పాటలను మొదటి ఆల్బమ్ నాటి మైకుతో, అదే గోడ పక్కన మళ్లీ పాడుతున్నాను. రెండింటిని పక్కన పెట్టాను. సన్నాయి విద్వాంసుణ్ణి ఈసారి మొదటి రోజే రమ్మన్నాను. ఒక్కటే చిక్కు మిగిలింది: డప్పు కాచడానికి మేడ మీద మంట వేయనివ్వనని మా ఇంటి యజమాని గట్టిగా చెప్పారు.

సిర్రాపుల్లా:
మధ్యాహ్నం రికార్డింగ్ పెట్టుకుని, అంతవరకు డప్పును మేడ మీది ఎండలోనే ఉంచండి. మంట సెగంత బిగువు రాదు గాని ఒక పాటకు సరిపోతుంది. గదిలో ఏసీ మాత్రం వేయకండి.